గంపలో దిగిన అపొస్తలుడు
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 9:23-25, 2 కొరింథీయులకు 11:30-33, మత్తయి 4:5-7

ఈ దినమున దేవుని వాక్యమును ధ్యానించుటకు ముందు ఒక ఫోను సంగతి చెప్పనివ్వండి.

మా సంఘములో ఒక యౌవన సహోదరుడున్నాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో పని. ఆ కంపెనీ వారు ప్రాజెక్టు మీద ఆయనను అమెరికాలోని డెన్వర్ పట్టణానికి పంపారు. చలికాలంలో ఒక శనివారం తోటి ఉద్యోగస్థులు ఆయనను కొలరాడో కొండల మీదికి స్కీయింగ్‌కు తీసుకొని వెళ్లారు. ఇక్కడ మనకు రాత్రి పదకొండున్నర. నేను పడుకున్నాను. ఫోను మ్రోగింది.

"అయ్యగారూ, తీగకు వేలాడే కుర్చీలో కూర్చోబెట్టి పైకి తెచ్చేశారు. ఇప్పుడు దిగాలి. చుట్టూ మంచు. నా వాళ్లందరూ దిగిపోయారు. కాళ్లు కదలడం లేదు. ప్రార్థన చేయండి."

నిద్రమత్తులో నేనేమి ప్రార్థించానో నాకే జ్ఞాపకం లేదు. దేవునికి జ్ఞాపకముండి ఉంటుంది. తరువాత ఆయన సెలవు మీద వచ్చినప్పుడు కూర్చుని వివరంగా అడిగాను. అక్కడ ఒక్కొక్క దారికి ఒక గుర్తు పెడతారట. ఆకుపచ్చ గుండ్రని గుర్తు ఉంటే సులువు, నీలపు చతురస్రం ఉంటే మధ్యరకం, నల్లని వజ్రం గుర్తు ఉంటే కష్టం. ఒక్క పూట పాఠం నేర్చుకొని, స్నేహితుల వెంట నీలపు గుర్తున్న దారి మీదికి వెళ్లాడు. పై నుండి చూస్తే అది గోడలా కనిపించిందట.

ఇది ఆయన ఒక్కడి పిరికితనం కాదు. 1995లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు మనుష్యులను కొండవాలుల ముందు నిలబెట్టి, ఇది ఎన్ని డిగ్రీలుంటుందని అడిగారు. పది డిగ్రీల వాలును చూసి జనులు సుమారు ముప్పై డిగ్రీలని చెప్పారు. నిట్రముగా ఉన్న వాలులైతే క్రింద నుండి చూసినప్పటి కంటె పై నుండి చూసినప్పుడు ఇంకా ఎక్కువ నిట్రముగా కనిపించాయి. భయపడినవాని కన్ను కొలతబద్ద కాదు, ప్రియులారా.

అయితే నన్ను ఆలోచింపజేసిన మాట వేరొకటి. అక్కడి శిక్షకుడు ఆయనకు ఇలా నేర్పాడట. భయం వేసినప్పుడు ఒళ్లు దానంతట అదే వెనక్కి, కొండవైపుకు వాలుతుంది. అలా వాలితే కాళ్ల క్రింది పలకల ముందుభాగం తేలికైపోతుంది. అప్పుడు తిప్పినా తిరగవు, ఆపినా ఆగవు. కాబట్టి కాలి ముందు ఎముక బూటుకు ఆనేటట్లు ముందుకు వంగాలి. ఛాతీ లోయవైపు ఉండాలి. చూపు కాళ్ల దగ్గర పెట్టక, వెళ్లవలసిన చోట పెట్టాలి. నేరుగా క్రిందికి దిగే పని లేదు. మొదట వాలుకు అడ్డంగా కొంచెం దూరం జారి, ఆగి, మళ్లీ రెండవ వైపుకు జారాలి. మన సహోదరుడు అలాగే నాలుగుసార్లు పడి, నలభై నిమిషాలలో దిగాడు. పక్కన ఆరేళ్ల పిల్లలు గువ్వల్లాగ దూసుకుపోతూ ఉన్నారట. అది చెప్పి తానే నవ్వాడు.

నాకు మంచుకొండ తెలియదు. 2004లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర తెరచిన స్నో వరల్డ్‌లో పిల్లలతో గంటసేపు వణికిన అనుభవమే నాకున్నది. కనుక ఆయన మాట నాకు చెవిలోకే వెళ్లింది గాని ఒంటికి ఎక్కలేదు. ఒంటికి ఎక్కించింది మన ఖాజాగూడ బండ.

హైటెక్ సిటీలో పనిచేసేవారికి ఖాజాగూడ గుట్టలు తెలుసు. ఒకప్రక్క గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అద్దాల భవనాలు. మధ్యలో ఈ గండశిలలు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఈ చుట్టుప్రక్కల కనబడినదంతా ఇటువంటి రాళ్లే. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్తారు. చాలా గుట్టలను పేల్చి కంకర చేసి ఆఫీసులు కట్టాము. మిగిలిన ఈ గుట్టల మీద శని ఆదివారాలలో యౌవనులు బండలెక్కడం, తాడు సహాయంతో దిగడం నేర్చుకుంటారు. మా యౌవనస్థుల కూటమి వారు ఒక శనివారం ఉదయం అక్కడికి బయలుదేరి, "అయ్యగారూ, మీరు కూడా రావాలి" అన్నారు. ప్రార్థన చేసి పంపించేద్దామనుకొని వెళ్లాను. నా నడుముకు, తొడలకు హార్నెస్ పట్టీలు బిగించిన తరువాత గాని వారి ఆలోచన నాకు అర్థం కాలేదు.

సంగతి ఎలా ఉంటుందంటే, తాడును పైన బండకు గట్టిగా బిగిస్తారు. ఆ తాడు రెండు టన్నులకు పైగా బరువును ఆపగలదు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న ఒక లోహపు పరికరంలో నుండి తాడు దూర్చి మన నడుముకు తగిలిస్తారు. అది గాక ఇంకొక తాడు మనకు కట్టి, దాని కొస ఒక మనిషి పట్టుకుంటాడు. పొరపాటున మన చెయ్యి వదిలిపోయినా అతడు ఆపుతాడు. ఇదంతా నేను కన్నులారా చూశాను. లెక్క ప్రకారం నేను క్షేమం. అయినను బండ అంచున లోయకు వీపు పెట్టి నిలబడినప్పుడు నా మోకాళ్లు కుట్టుమిషను త్రొక్కినట్లు ఆడాయి. ప్రతి ఆదివారము భయపడకుడని బోధించే నోరు తడి ఆరిపోయింది. నేను చేసిన పని ఏమిటో తెలుసా? ముందుకు వంగి బండను కౌగిలించుకున్నాను. వెంటనే అరికాళ్లు జర్రున జారాయి. మళ్లీ ఇంకా గట్టిగా కౌగిలించుకున్నాను. మళ్లీ జారాయి.

శిక్షకుడు ఇరవై నాలుగైదేండ్ల అబ్బాయి. పైనుండి నెమ్మదిగా అన్నాడు: "సార్, మీరు బండను పట్టుకుంటుండ్రు. బండ మిమ్మల్ని పట్టుకోదు. తాడు పట్టుకుంటది. తాడు మీద కూసోండి, కుర్చీల కూసున్నట్టు."

ఎంత సులువైన మాట! వెనుక కుర్చీ లేదు, గాలి మాత్రమే ఉంది. కాని నిజమేమంటే, బరువు తాడు మీద వేసి వెనక్కి వాలినప్పుడే పాదాలు బండకు ఎదురుగా ఒత్తుకుంటాయి. ఒత్తుకుంటేనే పట్టు దొరుకుతుంది. కొండను హత్తుకున్నంత సేపు బరువు అరికాళ్ల క్రింది నుండి జారిపోతూ ఉంటుంది. డెన్వర్ సహోదరుడు లోయవైపు ముందుకు వంగాలి, నేను లోయవైపు వెనక్కి వాలాలి. ఇద్దరికీ భయం చెప్పినది ఒక్కటే: "కొండను వదలకు." ఆ మాట విన్నంత సేపు ఇద్దరమూ పడ్డాము.

భువనగిరి కోట మీకు తెలిసే ఉంటుంది. సుమారు 500 అడుగుల ఏకశిల. పూర్వం చాళుక్య రాజులు దాని మీద కోట కట్టారు. మన కాలంలో ఆ బండ మీద సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు తాడు పట్టడం నేర్చుకున్నారు. వారిలో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలిచారు. పూర్ణకు అప్పటికి 13 సంవత్సరాల 11 నెలలు. వ్యవసాయ కూలీల బిడ్డ. అందరం ఎక్కినదాన్ని గూర్చి చప్పట్లు కొట్టాము, తప్పు లేదు. కాని పర్వతారోహకులను అడిగి చూడండి, శిఖరం సగం దారి మాత్రమే అంటారు. దిగే దారిలోనే ఒళ్లు అలసిపోయి, ప్రమాదాలు ఎక్కువ. బిడ్డలిద్దరు దిగి ఇంటికి వచ్చారు. నేనైతే దానికే ఎక్కువ స్తుతి చెల్లించాను.

ఇప్పుడు వాక్యములోనికి వెళ్దాము. పౌలు దమస్కులో ప్రకటించడం మొదలుపెట్టిన దినములలో ఆయనను చంపుటకు కొందరు ఆలోచన చేశారు. పట్టణపు గుమ్మములన్నిటియొద్ద రాత్రింబగళ్లు కావలి. అరెత రాజు క్రింది అధికారి కూడా కావలి పెట్టించాడని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చదువుతాము. అప్పుడు శిష్యులు రాత్రివేళ ఆయనను గంపలో ఉంచి గోడ కిటికీ గుండా క్రిందికి దింపారు. మహా అపొస్తలుని పరిచర్య ప్రారంభము ఇలాగున్నది: కూరగాయల మూటలాగ గంపలో కూర్చుని, చీకటిలో, గోడకు రాసుకుంటూ దిగడం.

ఇందులో ఒక విశేషమున్నది. రోమా సైన్యములో శత్రుపట్టణపు గోడను మొట్టమొదట ఎక్కిన సైనికునికి గోడ ఆకారములో చేసిన బంగారు కిరీటమిచ్చేవారు. అది గొప్ప గౌరవము. పౌలు కొరింథీయులకు తన బలహీనతలను గూర్చి అతిశయించుచు, ఆ జాబితా చివర ఈ గంప సంగతిని పెట్టాడు. గోడ ఎక్కినవాడు కిరీటం పొందే లోకంలో, నేను గోడ దిగినవాడనని వ్రాశాడు. సెమినరీలో మా అధ్యాపకులు ఈ సంగతి చెప్పినప్పుడు పరీక్ష కోసం వ్రాసుకున్నాను. ఖాజాగూడలో గాని అది నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి తాడు పట్టినవారెవరు? వారి పేర్లు లేఖనములో లేవు. ఒక్కడు చాలడు, ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. వారి అరచేతులు ఒరుసుకుపోయి ఉంటాయి. అటువంటి వాని పేరు ఒకటి మాత్రం యిర్మీయా 38వ అధ్యాయములో ఉన్నది: కూషీయుడైన ఎబెద్మెలెకు. బురదగోతిలో పడిన ప్రవక్తను పైకి లాగుటకు తాళ్లతో పాటు పాత గుడ్డలు కూడా తెచ్చి, చంకల క్రింద పెట్టుకోమన్నాడు, తాడు ఒరుసుకోకుండా. సహోదరులారా, మనము చాలాసార్లు తాడు మాత్రమే వేస్తాము. గుడ్డలు మరచిపోతాము. ఉపదేశమిస్తాము, అది చంకల క్రింద ఒరుస్తుందని తలంచము.

అయితే ఒక హెచ్చరిక లేకుండా ఈ మాట ముగించలేను. ఎత్తునుండి దిగుటకు సిద్ధపడిన ప్రతి అడుగు విశ్వాసము కాదు. అపవాది మన ప్రభువును దేవాలయ శిఖరమున నిలబెట్టి, క్రిందికి దుముకుమన్నాడు. వాక్యము కూడా చూపించాడు. ప్రభువు దుమకలేదు. దేవుని శోధింపకూడదని ద్వితీయోపదేశకాండమునుండి జవాబిచ్చాడు. తాడు చూసుకోకుండా అప్పు చేసి వ్యాపారంలోకి దూకి, విశ్వాసంతో దూకానని సాక్ష్యం చెప్పేవారిని నేను చూశాను. ఇంకొక సంగతి. ఎత్తైన అపార్ట్‌మెంటులలో ఒంటరిగా కాపురముంటూ ఈ ప్రసంగం వినుచున్న వారిలో ఎవరికైనా, అన్నీ ముగించి దూకేయమని లోపల ఒక స్వరం వినబడుతూ ఉంటే, ఆ స్వరం దేవునిది కాదని నేను దైవసేవకునిగా చెప్పుచున్నాను. ఈ రాత్రే ఒక మనిషితో ఆ మాట చెప్పండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ గంటలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. ఫోను చేయడం అవిశ్వాసము కాదు. అది కూడా తాడే.

తాడు ఉన్నదని ప్రతిసారి క్షేమంగా దిగుతామన్న హామీ కూడా నేనివ్వను. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాడే. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 దినములలో ఎక్కాడు. తాళ్ల సంగతి ఆయనకంటె మనకు తెలుసా? 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణం విడిచాడు. పౌలుకు దమస్కులో గంప దొరికింది. రోమాలో దొరకలేదు. అయినను ఆయన రెండుచోట్లా బరువు వేసినది ఒక్కరి మీదనే.

ఖాజాగూడ దినమున మాతో వచ్చిన మరొక తమ్ముని సంగతి ఆయన అనుమతితోనే చెప్పుచున్నాను. పేరు చెప్పను. ఆయన బండ మీద ఏమాత్రం తడబడలేదు. చకచక దిగిపోయాడు. నేను వణుకుతూ దిగి నీళ్లు త్రాగుచుండగా ప్రక్కన కూర్చుని అన్నాడు: "అయ్యగారూ, ఈ బండ నాకు లెక్క కాదు. ఇంటికి వెళ్లి ఒక్క మాట చెప్పడం నావల్ల కావడం లేదు."

2023లో చాలా కంపెనీలు ఉద్యోగస్థులను తీసివేసిన సంగతి మీకు తెలుసు. ఆయన ఉద్యోగం కూడా పోయింది. నాలుగు నెలలైంది. భార్యకు చెప్పలేదు, ఊళ్లో తండ్రికి చెప్పలేదు. ప్రతి ఉదయం స్నానం చేసి, పాత ట్యాగు మెడలో వేసుకొని, భార్య కట్టిన బాక్సు తీసుకొని మెట్రో ఎక్కుతాడు. రాయదుర్గంలో దిగుతాడు. సాయంకాలం దాకా ఎక్కడో కూర్చుని, ఏడు గంటలకు అలసిపోయిన ముఖంతో ఇంటికి వస్తాడు. ఆ అలసట మాత్రం నిజమే. ఫ్లాటు వాయిదాలు మిగిలిన పొదుపులోనుండి పోతున్నాయి. "మొదటి వారంలో చెప్పి ఉంటే సులువుగా ఉండేది. ఇప్పుడు ఉద్యోగం సంగతి మాత్రమే కాదు, నాలుగు నెలల అబద్ధం కూడా చెప్పాలి" అన్నాడు.

అంచున నిలబడిన కొలది వాలు పెరుగుతుంది. 2009 జనవరి 7న మన పట్టణములోని సత్యం కంపెనీ అధిపతి తన లెక్కలు తప్పని ఒప్పుకొని ఉత్తరం వ్రాసినప్పుడు, పులి మీద ఎక్కినవాడు దిగలేని స్థితితో తన స్థితిని పోల్చుకున్నాడు. ఆ సంగతిలో తీర్పు న్యాయస్థానం చెప్పింది. నేను దాన్ని ఎత్తడానికి కారణం వేరు. ఆ దినమున ఈ పట్టణములో అనేకులు కోపపడ్డారు, కాని దిగలేకపోవడం అంటే ఏమిటో తెలియనివారు కొద్దిమందే. మనకు ఎవరి పులి వారికున్నది.

ఆ తమ్మునితో నేను ఉపదేశమేమీ చేయలేదు. "ఈ సాయంకాలం నేను కూడా వస్తాను. మాట నువ్వే చెప్పాలి. నేను ప్రక్కన కూర్చుంటాను" అన్నాను. వెళ్లాము. మియాపూర్‌లో మూడవ అంతస్తు. ఆ అమ్మాయి టీ పెట్టింది. ఆయన కప్పు పట్టుకొని పది నిమిషాలు మెట్రో రద్దీ గురించి మాట్లాడాడు. బండను కౌగిలించుకున్నాడని నాకు అర్థమైంది. నేను మాట్లాడలేదు. మాట్లాడాలని నాలుక దురద పెట్టింది, ఒప్పుకుంటాను. పదకొండవ నిమిషంలో చెప్పేశాడు.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. లోపల కుక్కరు కూత వేసింది, ఎవరూ లేవలేదు. తరువాత ఆమె అడిగిన మొదటి మాట ఇది: "నేను కట్టిన బాక్సు ఇన్ని రోజులు ఎక్కడ కూర్చుని తిన్నారు?"

అప్పుడు ఆయన ఏడ్చాడు.

తరువాత అంతా చక్కబడిందని చెప్పను. ఆమె కోపం వారం రోజుల తరువాత వచ్చింది, రావలసినంత వచ్చింది. ఫ్లాటు అమ్మివేశారు. తక్కువ జీతానికి చిన్న కంపెనీలో చేరాడు. తండ్రికి చెప్పడానికి ఇంకొక నెల పట్టింది. అదీ అడ్డంగా జారుతూ, ఆగుతూ, డెన్వర్ సహోదరుడు దిగినట్లుగా. కాని ఇప్పుడు మధ్యాహ్నం బాక్సు ఎక్కడ తింటాడో ఆమెకు తెలుసు.

ఆమె ముఖమును గూర్చి ఆలోచించినప్పుడు నేను చదివిన ఒక సంగతి జ్ఞాపకం వస్తుంది. 1960లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక బల్ల చేయించారు. సగం వరకు గట్టి నేలలా కనిపిస్తుంది. తరువాత గాజుపలక, దాని క్రింద లోతైన గొయ్యిలా కనబడుతుంది. పాకే పసిబిడ్డలలో చాలామంది ఆ గాజు మీదికి రాలేదు. 1985లో మరికొందరు ఆ లోతును కొంచెం తగ్గించి, ఏడాది బిడ్డలను ఒక చివర ఉంచి, రెండవ చివర తల్లులను నిలబెట్టారు. మాట ఆడకూడదు, ముఖం మాత్రమే చూపించాలి. తల్లి ముఖంలో భయమున్నప్పుడు పదునేడుగురు బిడ్డలలో ఒక్కరు కూడా దాటలేదు. తల్లి సంతోషముగా చూసినప్పుడు పంతొమ్మిది మందిలో పద్నాలుగురు దాటి వచ్చారు. గాజు అదే, గొయ్యి అదే. అంచు దగ్గరకు వచ్చి బిడ్డ తల ఎత్తి తల్లి ముఖంలోకి చూసింది, అంతే.

అహరోను ఇశ్రాయేలీయులను ఏ మాటలతో దీవించవలెనో దేవుడు సంఖ్యాకాండము 6వ అధ్యాయములో నేర్పించాడు. ఆ దీవెనలో దేవుని సన్నిధి కాంతి, ఆయన మనవైపు తిరిగి చూచుట ఉన్నవి. ఈ రాత్రి పడుకొనక ముందు ఆ మూడు వచనములు చదవండి, మీ ఇంటిలో ఇంకా నిద్రపోని వారెవరైనా ఉంటే వారికి వినబడేటట్లు చదవండి.

ప్రార్థన చేసుకొందము.

పరలోకమందున్న మా తండ్రీ, పౌలును దింపిన గంపను, ఆ తాడు పట్టిన పేరులేని చేతులను బట్టి నీకు స్తోత్రములు. ఈ రాత్రి ఒక మాట గొంతులో పెట్టుకొని వరండాలో నడుచుచున్న నీ బిడ్డను నీవెరుగుదువు. రేపు ఉదయం ట్యాగు మెడలో వేసుకొనబోవు కుమారుని ఎరుగుదువు. వైద్యుని కాగితం సంచిలో దాచుకొన్న తల్లిని ఎరుగుదువు. వారి ప్రక్కన ఒకరిని కూర్చుండబెట్టుము. అది మేమే అయితే, మా నోరు మూసి మమ్మును కూర్చుండబెట్టుము. నీ ముఖమును వారికి చూపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.